జెడ్-స్కాన్‌కు కూర్చునే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

జింక్ సెలెనైడ్ అనే సెమీకండక్టర్ మీద 532 నానోమీటర్ల లేజర్ కాంతితో జెడ్-స్కాన్ మొదలుపెడుతున్నావని తెలిసి చాలా సంతోషం. కాంతి తీవ్రతతో, అంటే ఇంటెన్సిటీతో, పదార్థపు వక్రీభవన గుణకం ఎంత మారుతుందో కొలిచే పద్ధతి ఇది. లెన్స్, ఫోకస్‌కు అటూ ఇటూ జరిగే శాంపిల్, దూరంగా అపర్చర్ అనే చిన్న రంధ్రం వెనక డిటెక్టర్, అంతే సెటప్. 1989లో షేక్-బహాయ్ బృందం ఈ పద్ధతిని ప్రచురించాక ఇన్ని ల్యాబ్‌లకు పాకింది అందుకే. అయితే శాంపిల్ జరిగేకొద్దీ డిటెక్టర్ చూపే కర్వ్ తేలిగ్గా వస్తుంది కదా అని n2, అంటే ఇంటెన్సిటీతో వక్రీభవన గుణకం మారే రేటు, కూడా తేలిగ్గా వచ్చేసిందనుకోకు.

ముందు ఫోకస్ దగ్గర బీమ్ సైజు కొలువు. అందులో 10 శాతం పొరపాటు ఇంటెన్సిటీలో 20 శాతం అవుతుంది. వ్యాసార్ధం 25 మైక్రాన్లయితే రేలీ రేంజ్, అంటే ఫోకస్ నుంచి బీమ్ పెద్దగా విచ్చుకోకుండా ఉండే దూరం, సుమారు 3.7 మిల్లీమీటర్లు. శాంపిల్ మందం అంతకన్నా బాగా తక్కువుండాలి. ఎనర్జీ బాగా తగ్గించి ఒక స్కాన్ తీసి, అసలు స్కాన్‌ను దానితో భాగించు. ఉపరితలం మీది గీతల ప్రభావం చాలావరకు పోతుంది.

అసలు కష్టం తర్వాత వస్తుంది. జింక్ సెలెనైడ్ బ్యాండ్ గ్యాప్, అంటే అందులో ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి కావలసిన కనీస శక్తి, దాదాపు 2.67 ఎలక్ట్రాన్ వోల్టులు, నీ ఫోటాన్ శక్తి 2.33. ఒక్క ఫోటాన్ చాలదు, రెండు కలిస్తే శోషణ జరుగుతుంది. అపర్చర్ తీసేసి చేసే స్కాన్‌లో ఫోకస్ దగ్గర కనిపించే లోయ అదే. అపర్చర్‌తో తీసిన కర్వ్‌ను దానితో భాగిస్తే వక్రీభవనం విడిగా బయటపడుతుంది. కానీ ఆ శోషణలో పుట్టిన ఎలక్ట్రాన్లు, అవి వదిలిన ఖాళీలైన హోల్స్ (రెంటినీ కలిపి క్యారియర్లంటాం) కూడా వక్రీభవన గుణకాన్ని తగ్గిస్తాయి. ఈ తరంగదైర్ఘ్యం దగ్గర అసలు n2 కూడా నెగటివే. రెండూ ఒకే వైపు లాగుతుంటే ఒక్క కర్వ్ చూసి ఏది ఎంతో చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే నాలుగైదు ఎనర్జీల దగ్గర కొలిచి, వక్రీభవన మార్పును ఇంటెన్సిటీతో భాగించి గ్రాఫ్ గీయి. గీత సున్నా ఇంటెన్సిటీని తాకే చోట n2, వాలులో క్యారియర్ల వాటా. వీలైతే పికోసెకండ్ లేజరే అడుగు, నానోసెకండ్ పల్స్‌లో క్యారియర్లదే పైచేయి. 1064 నానోమీటర్ల దగ్గర కూడా ఒకసారి చూడు, అక్కడ n2 పాజిటివ్, కాబట్టి ముందు లోయ, తర్వాత శిఖరం రావాలి.

సెకనుకు లక్షల పల్సులిచ్చే లేజరైతే వేడి పోగై, అది కూడా వక్రీభవనాన్ని మారుస్తుంది. ఆ మార్పును n2 అని రాసిన పేపర్లు చూస్తే నాకు బాధేస్తుంది.

లేజర్ ఆన్ చేసే ముందు గాజులు, ఉంగరం, వాచీ తీసెయ్యి. 1064 కంటికి కనిపించదు, గాగుల్స్ లేకుండా ల్యాబ్‌లో ఉండొద్దు.

కర్వ్‌లు పంపేటప్పుడు పల్స్ వెడల్పు, ఎనర్జీలు కూడా రాసి పంపు.

మీ బాబాయి