పద్మిని కారుకు టర్బో బిగించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని కారుకు డీజిల్ కారు నుంచి తీసిన పాత టర్బోను (పొగ బలంతో తిరిగి ఇంజిన్లోకి ఎక్కువ గాలిని తోసే పరికరం) ఇంటి దగ్గరే బిగించాలనుకుంటున్నాను. ఇంజిన్ తట్టుకుంటుందా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ముందు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) కొలిపించండి, ఒకటి బాగా తక్కువ చూపితే టర్బో మాట పక్కన పెట్టి రింగులు, వాల్వులు బాగుచేయించవలసిందే. పెట్రోలు ఇంజిన్ పొగ డీజిల్ పొగకన్నా ఎక్కువ వేడిగా ఉంటుంది కనుక మీ దగ్గరున్న టర్బో ఎంతకాలం మన్నుతుందో నమ్మలేం. పైగా ఆ 1089 సీసీ ఇంజిన్ పెట్రోలును గాలిలో కలిపే కార్బురేటర్‌తో నడుస్తుంది. టర్బో గాలిని కార్బురేటర్‌లోకి ఒత్తిడితో తోసేలా అమరిస్తే దానిలో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలోనూ అదే ఒత్తిడి ఉండాలి, పంపు అంతకు మించిన ఒత్తిడితో పెట్రోలు అందించాలి, లేకపోతే పెట్రోలు చాలక, నాకింగ్ (సిలిండర్లో ఇంధనం అదుపు తప్పి మండడం) మొదలై పిస్టన్లు దెబ్బతింటాయి. టర్బో నుంచి ఆయిల్ దానంతటదే కిందికి జారాలి కాబట్టి, తిరిగివచ్చే గొట్టం లావుగా, మధ్యలో ఎక్కడా పైకి లేవకుండా, ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి (సంపు)లోని ఆయిల్ మట్టానికి పైన కలవాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న బండికి, అందునా కోనసీమ ఉప్పుగాలికి అడుగు రేకు తుప్పు పట్టి ఉంటే, అదనపు వేగం ప్రమాదకరం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పులకు పరిమితులు విధించింది కనుక, పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయంలో విచారించండి.