హెర్గ్ యాంటీబాడీ కొనే ముందు ఉత్త హెక్ సెల్స్ సంగతి చూడండి

అడిగిన ప్రశ్న: "వైజాగ్‌లో ఎం.ఫార్మ్ చేస్తున్నాను. మనిషి గుండెలో ఉండే హెర్గ్ పొటాషియం ఛానల్‌ని వెస్టర్న్ బ్లాట్‌లో చూపించాలి. మోనోక్లోనల్ యాంటీబాడీ కొనాలా, పాలీక్లోనల్ సరిపోతుందా?"

కొత్తవాళ్ల కోసం ముందు ఒక మాట: వెస్టర్న్ బ్లాట్ అంటే ప్రోటీన్లను సైజు వారీగా జెల్‌లో విడదీసి, మనకి కావాల్సినదాన్ని యాంటీబాడీతో పట్టుకోవడం. మోనోక్లోనల్ అంటే ఒకే రకం యాంటీబాడీ, పాలీక్లోనల్ అంటే జంతువు రక్తంలోంచి తీసిన రకరకాల యాంటీబాడీల కలగలుపు. ఏది కొన్నా కొనండి గానీ, ఎక్కువ పేపర్లలో వాడారని మాత్రం కొనకండి. చాలామంది వాడారంటే చాలామంది కంట్రోల్, అంటే ఆ ప్రోటీన్ లేని శాంపిల్, పక్కన పెట్టకుండా వదిలేశారని నా లెక్క. కోపంగా అంటున్నానేమో, అయినా మాట మార్చను.

నేనూ వైజాగ్‌లోనే ఒక ల్యాబ్‌లో చాలాకాలం సెల్ కల్చర్, బ్లాట్లు చూసుకున్నాను. ఏ ల్యాబో అడగొద్దు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక జూనియర్ అమ్మాయి ఉండేది. హెర్గ్ జీన్ పెట్టిన హెక్ సెల్స్ (ల్యాబ్‌లో పెంచే మనిషి కిడ్నీ కణాలు) పగలగొట్టి తీసిన లైసేట్ రన్ చేసి, డార్క్ రూమ్‌లో ఫిల్మ్ కడిగి, నీళ్లు కారుతున్న ఫిల్మ్‌తోనే పరిగెత్తుకొచ్చింది. "మేడమ్, వచ్చేసిందండి!" నిజంగానే చూడముచ్చటగా ఉంది. ఒకే ఒక్క బ్యాండ్, నల్లగా, 130 చిల్లర కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువుకి కొలత) దగ్గర. డేటాషీట్‌లోని బొమ్మ కూడా అచ్చం అంతే. గైడ్ గారు పోస్టర్‌లో దానికి చోటు కూడా చూసేశారు. మాడుగుల హల్వా వచ్చింది, అందరం తిన్నాం.

నాకు మాత్రం ఆ ఒకే ఒక్క బ్యాండే నచ్చలేదు. మామూలు హెర్గ్ అయితే సాధారణంగా రెండు రావాలి. 135 దగ్గర ఒకటి, అది ఇంకా ఈఆర్‌లోనే (సెల్ లోపల ప్రోటీన్ తయారయ్యే చోటు) ఉన్న సగం తయారైన ప్రోటీన్. 155 దగ్గర ఇంకొకటి, అది గాల్జీ (ప్రోటీన్‌కి తుదిమెరుగులు దిద్దే చోటు) దాటి, గ్లైకోసైలేషన్, అంటే చక్కెర గొలుసులు తగిలించడం, పూర్తయి, సెల్ పైపొరకి చేరేది. అసలు పని చేసే ఛానల్ ఈ రెండోదే. అది కనిపించకపోతే పండగ ఎందుకు?

"జీన్ పెట్టని ఉత్త హెక్ సెల్స్ పక్క లేన్‌లో వేశావా?" అని అడిగాను. వేయలేదు. మళ్లీ రన్ చేయించాను. ఖాళీగా ఉండాల్సిన లేన్‌లో అదే బ్యాండ్, అదే ఎత్తులో, అంతే నల్లగా. "ఏటి మేడమ్, ఇందులో హెర్గే లేదు కదా!" అంది పాపం. హెక్ సెల్స్‌లో ఈ ఛానల్ లేనట్టే లెక్క, అందుకే కదా హెర్గ్ పనికి వాటిని ఎంచుకునేది. ఆ యాంటీబాడీ పట్టుకున్నది ఇంకేదో ప్రోటీన్‌ని.

డీలర్‌కి ఫోన్ చేస్తే ఆయన ధీమాగా చెప్పాడు: "బ్లాకింగ్ పెప్టైడ్‌తో కలిపి చేయండి మేడమ్, బ్యాండ్ పోతే స్పెసిఫిక్ అన్నట్టే." బ్లాకింగ్ పెప్టైడ్ అంటే ఆ యాంటీబాడీని ఏ ప్రోటీన్ ముక్కతో తయారుచేశారో ఆ ముక్కే. బ్యాండ్ పోతుంది, ఎందుకు పోదు? పెప్టైడ్ యాంటీబాడీ చేతులు కట్టేస్తే అది దేనికీ అతుక్కోదు, అసలు దానికీ, దొంగ దానికీ. దాంతో ఏం రుజువైనట్టు? ఆ ప్రోటీన్ లేని సెల్స్ ఒక్కటే నమ్మదగిన సాక్ష్యం. జీన్ తీసేసిన నాకౌట్ సెల్స్ దొరికితే ఇంకా మంచిది.

ఈ డీలర్ల గురించి ఇంకో మాట. వారాల తరబడి ఎదురుచూపించి, సరిగ్గా శుక్రవారం సాయంత్రం పార్సెల్ పంపిస్తారు. సెక్యూరిటీ గార్డు సంతకం పెట్టి టేబుల్ కింద పెడతాడు. మన ఊరి మే నెల ఉక్కలో సోమవారం దాకా అది అక్కడే. ఐస్ ప్యాక్‌లు గోరువెచ్చగా ఉన్నా రిటర్న్ తీసుకోరు. కాబట్టి వారం మొదట్లో చేరేలా ఆర్డర్ పెట్టండి. రాగానే చిన్న చిన్న ఆలికాట్లు చేసి, అంటే కొంచెం కొంచెంగా ట్యూబుల్లో పంచి, పెట్టేయండి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, మంచు కరిగించడానికి అది మధ్యమధ్యలో వేడెక్కుతుంది.

ఇంకొకటి, శాంపిల్‌ని 95 డిగ్రీల్లో మరిగించకండి. హెర్గ్ సబ్‌యూనిట్ ఒక్కొక్కటి పొరని ఆరుసార్లు దాటుతుంది. ఇలాంటి ప్రోటీన్లు మరిగిస్తే ముద్దకట్టి జెల్ పైనే ఆగిపోతాయి. తక్కువ వేడి చాలు, 37 డిగ్రీలతో మొదలుపెట్టండి.

అసలు మీకు బ్లాట్ ఎందుకు కావాలో కూడా గైడ్‌ని అడగండి. పరవాడ ఫార్మా కంపెనీల ఉద్యోగాల మీద దృష్టితో, మందు ఛానల్‌ని మూసేస్తుందా అని చూడాలనుకుంటే యాంటీబాడీ దండగ. ఛానల్‌లోంచి పారే కరెంట్ కొలవాలి, ఆ పద్ధతి పేరు ప్యాచ్ క్లాంప్. టెర్ఫెనడైన్ అనే అలర్జీ మాత్ర హెర్గ్‌ని అడ్డుకుని గుండె లయ తప్పించడం వల్లే 1998లో అమెరికా మార్కెట్ నుంచి పోయింది. దాన్ని బ్లాట్ ఎన్నిసార్లు చేసినా పట్టుకోలేరు, ప్రోటీన్ అక్కడే ఉంటుంది మరి. కానీ పెంటమిడైన్, ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ లాంటివి వేరు. అవి ఛానల్‌ని పైపొరకి చేరకుండా చేస్తాయి, 155 బ్యాండ్ పల్చబడుతుంది. మీ ప్రాజెక్ట్ అదైతే బ్లాట్ బంగారం.

ఇక మీ ప్రశ్న. పాలీక్లోనల్ అయితే ఆ కుందేలు పోయాక వచ్చే లాట్ ఇంకో కుందేలుది, ఈ ఏడు వచ్చిన బ్యాండ్ వచ్చే ఏడు రాకపోవచ్చు. డబ్బులుంటే రీకాంబినెంట్ (జంతువు నుంచి కాకుండా జీన్ పెట్టిన సెల్స్‌తో తయారుచేసిన) మోనోక్లోనల్ తీసుకోండి, అదీ నాకౌట్ బ్లాట్ చూపించిన కంపెనీదే. డబ్బుల్లేకపోతే, వాడుతున్న ల్యాబ్ ఎవరిదైనా చూసుకుని పది మైక్రోలీటర్లు అడిగి, ముందు ఉత్త హెక్ సెల్స్ మీద వేసి చూడండి. ఆ ఫిల్మ్ ఫోటో ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.