పాత రైస్ మిల్లు గోదాంలోనే బందీల థ్రిల్లర్ మొత్తం తీయొచ్చా? (పర్లాకిమిడి, ఒడిశా)

తీయొచ్చు. అద్దె మాట్లాడేముందు లోపల నిలబడి గట్టిగా ఓ చప్పట కొట్టి చూడండి. రేకుల కప్పు, ఉత్త గోడలు ఉన్నచోట మోత ఎక్కువ, అక్కడ రికార్డయిన మాట డబ్బింగ్‌కి ఆనవాలుగా తప్ప పనికిరాదు. కెమెరాకి కనబడని గోడల మీద పాత బొంతలు జానెడు ఎడంగా వేలాడదీస్తే చాలావరకు తగ్గుతుంది. రేకుల మీద వాన చప్పుడుంటుంది, వానాకాలం మాత్రం వద్దే వద్దు. నౌపడా-గుణుపూర్ రైలు ఊరిమీదుగానే వెళ్తుంది, వేళలు రాసిపెట్టుకోండి.

కథ ఒక్క రాత్రిదైతే కిటికీలకి బయటినుంచి నల్లగుడ్డ రెండు పొరలు కొట్టి పగలే తీసేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకి 24 లేదా 25 ఫ్రేములు తీసేటప్పుడు కెమెరా షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయం) 1/50 సెకను పెట్టాలి, లేకపోతే ట్యూబులైట్లు తెరమీద మిణుకుమంటాయి. చవక ఎల్ఈడీలు కొన్ని అలా పెట్టినా మిణుకుతాయి, ముందే టెస్ట్ తీయండి.

ఒకే లొకేషన్ వల్ల అసలు లాభం డబ్బు కాదు, సీన్లు కథ వరసలోనే తీసుకోవచ్చు. చెమట, మాసిన చొక్కా, మణికట్టు మీద తాడు గుర్తు వాటంతటవే పెరుగుతూ పోతాయి. అయినా ప్రతి షాట్ చివర ఫోన్‌లో ఫొటో తీయండి. చేతులు వెనక్కి కట్టే షాట్లలో నిజం ముడి వేయొద్దు. తాడు రెండు చుట్లు చుట్టి, కొసలు నటుడి గుప్పిట్లోనే పెట్టండి, తిమ్మిరెక్కితే తనే వదిలేస్తాడు.

తుపాకులు బొమ్మవైనా, ముసుగు మనుషుల్ని చూసి ఊళ్లో ఎవరైనా పోలీసులకి ఫోన్ చేస్తారు. స్టేషన్‌లో ముందే అర్జీ ఇవ్వండి, ఒడియాలో రాయిస్తే మంచిది. ముద్ర వేయించిన నకలు సెట్‌లోనే ఉంచండి.