డైపర్ వేసిన చోట పాపకి ఎర్రగా కందిపోతోంది, పౌడర్ రాయొచ్చా?

పౌడర్ వద్దండి. తడికి అది ముద్దకట్టి తొడల మడతల్లో పేరుకుంటుంది. చల్లేటప్పుడు ఎగిరే పొడి పాప ఊపిరితిత్తుల్లోకి పోతుంది కూడా.

అసలు చిక్కు తడి, విరేచనం కలిసి ఉండిపోవడం. మూత్రం వల్ల చర్మం మీది ఆమ్లగుణం తగ్గుతుంది. అప్పుడు విరేచనంలోని ఎంజైములు చురుగ్గా మారి పైపొరను దెబ్బతీస్తాయి. అందుకే ఎంత ఖరీదైన డైపరైనా రెండు మూడు గంటలకోసారి మార్చాలి, విరేచనమైతే వెంటనే. గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తటి నూలుబట్టతో అద్దండి, రుద్దొద్దు. బాగా ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీమ్‌ని చర్మం కనపడనంత మందంగా పట్టించండి. మళ్లీ మార్చేటప్పుడు ఆ తెల్లపూతనంతా తీసేయక్కర్లేదు, మురికైన పైభాగం తుడిస్తే చాలు. పగలు కాసేపు డైపర్ లేకుండా వదిలేయండి. పక్క తడిస్తే తడిసింది, ఉతుక్కోవచ్చు.

ఒక తేడా మాత్రం గమనించండి. మామూలు డైపర్ ర్యాష్ ఎక్కువగా పిరుదుల మీద, డైపర్ ఒరుసుకునే చోట ఉంటుంది, మడతలు బాగానే ఉంటాయి. మడతల లోపల కూడా ఎర్రబడి, చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు కనిపిస్తే అది చాలావరకు కాండిడా అనే ఫంగస్. దానికి జింక్ సరిపోదు, డాక్టర్ రాసిన యాంటీఫంగల్ క్రీమ్ కావాలి. మెడికల్ షాపులో అడగ్గానే చేతిలో పెట్టే ట్యూబుల్లో కొన్నిటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. డైపర్ కింద అది ఒంట్లోకి మరీ ఎక్కువగా ఇంకుతుంది, సొంతంగా రాయకండి. పొక్కులు, చీము, జ్వరం ఉంటే వెంటనే చూపించండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా అంతే.