తాలు ఏరే కన్ను

పరకాల ప్రాంతం నుంచి ఒక సహోదరి ప్రశ్న:

నేను బాప్తిస్మం తీసుకొని పన్నెండేళ్లయింది. ఆ కొత్తలో ఎంతో సంతోషంగా ఉండేదాన్ని. కోపం, అసూయ నన్ను వదిలిపోయాయనే నమ్మాను. ఇప్పుడు మా సంఘంలో స్త్రీల కూడిక నేనే నడిపిస్తున్నాను. మొన్న మా అత్తమ్మ వేడినీళ్లు మూడోసారి అడిగేసరికి విసుగొచ్చి, గ్లాసు ఆమె మంచం పక్కన టక్కున పెట్టి మాట్లాడకుండా వచ్చేశాను. నీళ్లు ఆమె చేతి మీద చిందాయి. అరగంట తరువాత కూడికలో ప్రేమను గురించి వాక్యం చెప్పాను. అక్కడే మా తోటికోడలు హనుమకొండలో ఇల్లు కొన్నామని సాక్ష్యం చెబితే, నోటితో స్తోత్రం అన్నాను గానీ లోపల కడుపు మండింది. రోజురోజుకూ నాలో ఇలాంటివే బయటపడుతున్నాయి. నేను విశ్వాసంలో వెనక్కి జారిపోయానా? కూడిక నడిపించడం మానుకోవాలా?

జవాబు:

సహోదరీ, ఆ గ్లాసు చప్పుడు మీకు ఇంకా వినిపిస్తూనే ఉంది. పన్నెండేళ్ల కిందట అలాగే పెట్టి ఉంటే అది మీ మనసు దాకా వచ్చేదా అని ముందుగా ఒకసారి ఆలోచించండి.

మీ వైపు మిరప పండే ఊళ్లు చాలా ఉన్నాయి కనుక ఈ మాట మీకు తేలికగా అర్థమవుతుంది. కల్లంలో తాలు ఏరడానికి కొత్తగా కూర్చున్న మనిషికి పూర్తిగా తెల్లబడిన కాయలే కనిపిస్తాయి. నాలుగు రోజులు ఏరిన తరువాత, తొడిమ దగ్గర చిన్న మచ్చ ఉన్న కాయ కూడా ఆమె చేతికి తగులుతుంది. రాశి అదే, చూసే కన్ను పదునెక్కింది. మీకు జరుగుతున్నది చాలావరకు ఇదేనని నా నమ్మకం.

పౌలు జీవితంలోనూ ఇదే వరుస కనిపిస్తుంది. సుమారు క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథీయులకు రాస్తూ ఆయన తనను అపొస్తలులలో తక్కువవాడినని చెప్పుకొన్నాడు. చెరసాలలో ఉండి ఎఫెసీయులకు రాసినప్పుడు పరిశుద్ధులందరిలో అత్యల్పుడినన్నాడు. తిమోతికి రాసిన మొదటి పత్రికకు వచ్చేసరికి పాపులలో తానే ప్రధానుడినన్నాడు. ఒకప్పుడు అలా ఉండేవాడినని గతంలోకి నెట్టలేదు. ప్రభువుకు దగ్గరయ్యే కొద్దీ ఆయన తనను తాను అంత స్పష్టంగా చూశాడు. రోమా పత్రిక ఏడో అధ్యాయంలో “నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను” అన్న మాట క్రీస్తును ఎరుగక ముందటి స్థితిని గురించినదా, విశ్వాసి పోరాటాన్ని గురించినదా అని సంఘంలో పూర్వం నుంచీ రెండు అభిప్రాయాలున్నాయి. నాకు రెండోదే సరైనదనిపిస్తుంది, ఎందుకంటే కీడును అంతగా ద్వేషించే మనసు ఆత్మ పని లేకుండా కలగదు.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. మన కూడికల్లో సాక్ష్యమంటే “ఒకప్పుడు అలా ఉండేదాన్ని, ఇప్పుడు పూర్తిగా మారిపోయాను” అనడమే అయిపోయింది. ఈ వారం ఓడిపోయానని చెప్పుకొనే చోటు లేక మీలాంటివారు ఒంటరిగా కుమిలిపోతున్నారు. ప్రాచీన సంఘంలో గొప్ప బోధకుడైన అగస్టీను మారుమనస్సు పొందింది క్రీ.శ. 386లో. పదేళ్లకు పైగా గడిచి, బిషపు అయిన తరువాత రాసిన తన ఒప్పుకోలు గ్రంథం పదో భాగంలో, పొగడ్తల మీద తనకు ఇంకా మోజు ఉందని దాచకుండా చెప్పుకొన్నాడు.

అయితే తప్పు కనిపించినంత మాత్రాన అది మనల్ని వదలదు. యేసును అప్పగించిన యూదా కూడా తన తప్పు తెలుసుకొని ముప్పై వెండి నాణేలు తిరిగి ఇచ్చాడు, కానీ ఒంటరిగా వెళ్లి ప్రాణం తీసుకొన్నాడు. యేసును ఎరుగనని బొంకిన పేతురు వెక్కి వెక్కి ఏడ్చాడు, అయినా మిగిలిన శిష్యుల మధ్యకే తిరిగి వచ్చాడు. పరిశుద్ధాత్మ ఒప్పించేటప్పుడు ఫలానా రోజు, ఫలానా మనిషి, ఫలానా మాట అని వేలు పెట్టి చూపిస్తాడు, దిద్దుకొనే దారీ చూపిస్తాడు. “నువ్వింతే, ఎందుకూ పనికిరావు” అని మొత్తం మనిషినే కొట్టిపారేసే స్వరం ఆయనది కాదు. ఆ స్వరం వారాల తరబడి నిద్రను, ఆకలిని మాయం చేస్తుంటే వైద్యుణ్ణి కలవండి. దాన్ని విశ్వాసలోపమని ఎవరూ అనకూడదు.

రాత్రి పడుకొనే ముందు పది నిమిషాలు ఆ రోజును దేవుని ఎదుట తిరగేసుకోండి. పదహారో శతాబ్దంలో యేసు సభ (జెసూట్) స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన ఆత్మపరిశీలన ముందుగా కృతజ్ఞతతో మొదలవుతుంది. ఆ తరువాతే తప్పులు చూడటం, క్షమాపణ అడగటం, రేపటి కోసం తీర్మానం చేసుకోవటం. ఈ వరుస మార్చకండి. 139వ కీర్తన కూడా “దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము” అనే వేడుకొంటుంది. మనల్ని మనమే తవ్వుకొంటూ కూర్చోమనదు.

కూడిక మానుకోవద్దు. దానికంటే ముందు అత్తమ్మ దగ్గర కూర్చొని, “ఆ రోజు గ్లాసు అట్ల పెట్టుడు తప్పయింది అత్తమ్మా” అని ఆ ఒక్క సంగతే చెప్పండి. ఆమె మళ్లీ మళ్లీ అడిగిన సంగతిని, మీ అలసటను అందులో కలపకండి. అలసట నిజమే, దాన్ని వేరే రోజు మీ భర్తతో మాట్లాడి, రాత్రిపూట వేడినీళ్ల పని ఆయన చూసుకొనేలా ఏర్పాటు చేసుకోండి. తోటికోడలి సంగతి ఆమెతో చెప్పాల్సిన అవసరం లేదు. ఆ ఇంటి కోసం, ఆమె పిల్లల పేర్లు తలచుకొంటూ, మనసు ఎదురుతిరిగినా నెల రోజులు ప్రార్థన చేసి, ఏం జరిగిందో మళ్లీ నాకు రాయండి.