తలకోన నడకకు బృందం పెద్దగా బయలుదేరుతున్న మేనకోడలికి

చి. ల. సౌ. బుజ్జమ్మకు అత్త ఆశీస్సులు.

మీ విశ్వవిద్యాలయం హైకింగ్ క్లబ్బుకు ఈ ఏడు నిన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారనీ, నవంబరులో తలకోనకు మొదటి నడక నీ ఆధ్వర్యంలోనే జరగబోతోందనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతు నిండా భయమే. నాకు మాత్రం ముందు గర్వం కలిగింది, రాత్రి పడుకున్నాక భయం మొదలయింది. ఆడపిల్ల కొండెక్కుతానంటే ఇంట్లో ఒప్పుకోని రోజుల్లో వృక్షశాస్త్రం విద్యార్థులను వెంటబెట్టుకుని శేషాచలం కొండల్లో తిరిగినదాన్ని. నిన్ను వెళ్ళవద్దని అనలేను, అనాలనీ లేదు. కానీ నవంబరు అనేసరికి మనసు కుదుటపడక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. అటవీ శాఖ అనుమతి ముందుగా, రాతపూర్వకంగా తీసుకో. తలా మూడు లీటర్ల నీరు, టార్చి, పట్టున్న బూట్లు, ఓఆర్ఎస్ పొట్లాలు ఉండాలి. కొత్తవారిని వారం ముందు శ్రీవారి మెట్టు ఎక్కించు. భుజాన సంచితో ఆ 2,388 మెట్లు ఎక్కలేనివారిని కోన లోపలికి తీసుకుపోవద్దు. అది ఎర్రచందనం పెరిగే అడవి కనుక దారి వదలవద్దు, కింద పడిన పుల్లను కూడా సంచిలో వేసుకోనివ్వద్దు. ఎవరికైనా పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం వంటివేవీ చేయనివ్వక, కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూసి, మనిషిని మోసుకుని ఆసుపత్రికి చేర్చండి.

ఇక నీటి సంగతి. మన తిరుపతి వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. తలకోన జలపాతం 270 అడుగుల ఎత్తునుంచి నిండుగా దూకేది అప్పుడే కనుక అందరికీ ఆ నెలల్లోనే వెళ్ళాలనిపిస్తుంది. ఈ కొండల్లో చాలావరకు ఉన్నది నీటిని పీల్చుకోని గట్టి క్వార్ట్‌జైట్ బండ. పైన ఎక్కడో వాన పడితే ఆ నీరంతా బండల మీదుగా జారి కోనలోకి వస్తుంది. నీ నెత్తిన ఎండ కాస్తూ ఉండగానే వంక పొంగుతుంది. 2021 నవంబరులో ఈ ప్రాంతమంతటా కురిసిన వానలకు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, దిగువ ఊళ్ళు ఏమయ్యాయో నీవూ చూశావు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బృందంతో ఇటువంటి కోనలోకే వెళ్ళాను. బృందానికి పెద్ద నాకంటే అనుభవం ఉన్న అధ్యాపకుడు, మంచివాడు, కొండదారులు ఎరిగినవాడు. పొద్దున వెళ్ళేటప్పుడు వంకలో నీరు చీలమండ దాకా కూడా లేదు. పిల్లలు చెప్పులు చేతబట్టుకుని నవ్వుకుంటూ దాటారు. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి మోకాలు దాటింది. మాకు దారి చూపడానికి వచ్చిన యానాది పెద్దాయన ఒడ్డున కూలబడి ఇక కదలనన్నాడు. నీళ్ళు రంగు తిరిగాయనీ, ఎండుటాకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయనీ, పై కోనలో గట్టి వాన పడుతోందనీ చూపించి చెప్పాడు. మా మీద ఒక్క చినుకైనా పడలేదు. చీకటి పడితే బస్సు వెళ్ళిపోతుందనీ, ఆడపిల్లల ఇళ్ళల్లో సమాధానం చెప్పుకోవలసి వస్తుందనీ మా పెద్ద తొందరపడి, బలమైన కుర్రాళ్ళను ముందుగా దాటించడం మొదలుపెట్టాడు.

సగం మంది దాటేలోగా నీటి చప్పుడు మారింది. అంతవరకు గలగలమన్న వంకలో రాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్న మోత అడుగునుంచి వినిపించింది. అప్పుడు మధ్యలో ఉన్న అమ్మాయి కాలు జారింది. సంచి పట్టీలను ఆమె ఛాతీ మీద ముడివేసుకుని ఉంది. నీరు పట్టిన సంచి ఆమెను బోర్లా తిప్పేసింది. యానాది పెద్దాయన దిగువకు పరుగెత్తి, నీటిలో అడ్డంగా నిలబడి, జుట్టు దొరకబుచ్చుకుని ఒడ్డుకు లాగాడు. ఇక ఎవరూ దాటే వీలు లేకపోయింది. టార్చిలన్నీ అవతలి ఒడ్డుకు చేరాయి, తిండి ఇవతల ఉండిపోయింది, దాటినవారిలో దారి తెలిసినవారు ఒక్కరూ లేరు. రాత్రంతా రెండు ఒడ్లనుంచి పేర్లు పెట్టి పిలుచుకున్నాం. ఆ హోరులో బదులు వినిపించేది కాదు. తెల్లవారేసరికి వంక మళ్ళీ మోకాలి కిందికి దిగిపోయింది. ఆ కొన్ని గంటలు కూర్చుని ఉంటే సరిపోయేది! మా పెద్దకు నీటి సంగతి తెలియక కాదు, బస్సు వేళ తరుముకొచ్చేసరికి తెలిసినదంతా మరిచిపోయాడు.

ఆ అమ్మాయి బతికింది, కానీ మళ్ళీ ఏ కొండకూ రాలేదు. చెట్లను గుర్తుపట్టడంలో ఆమెకు సాటి వచ్చిన విద్యార్థి నాకు మళ్ళీ దొరకలేదు. తూర్పు కనుమల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగని సైకస్ బెడ్డోమి అనే మొక్కను మొదటిసారి చూసిన రోజున ఈతమొక్క అనుకుని అందరూ దాటిపోతే, ఆమె ఒక్కతే మోకాళ్ళ మీద కూర్చుని ఆకు అంచులు వేలితో తడిమి, ఇది ఈత కాదు మేడమ్ అన్నది. మీ పిల్లలకు ఆ మొక్కను తప్పక చూపించు, తాకి చూడనివ్వు, తుంచనివ్వకు.

మీ నాన్న భయాన్ని చాదస్తం అనుకోవద్దు. 2014 జూన్ 8న హిమాచల్‌లో, లార్జీ ఆనకట్టనుంచి వదిలిన నీరు బియాస్ నదిలో ఫోటోలు దిగుతున్న 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులను తీసుకుపోయినప్పుడు, వాడు ఆ వారమంతా టీవీ ముందునుంచి లేవలేదు. మొన్న జలపాతం అంచున ఒంటికాలి మీద నిలబడి దిగిన నీ ఫోటో చూసి వాడు ఆ పూట అన్నం తినలేదు. నాకూ చెంప వాయించాలనిపించింది తల్లీ, దగ్గర లేవు కాబట్టి సరిపోయింది.

వీలైతే నడకను జనవరికి మార్చు. అప్పటికి వానలు వెనకబడతాయి, జలపాతంలో నీరూ ఉంటుంది. నవంబరులోనే వెళ్ళక తప్పకపోతే, బస్సు డ్రైవరుకు రాత్రి బత్తా ముందుగానే ఇచ్చి, అవసరమైతే తెల్లవారేదాకా ఉండాలని ఒప్పించు. ఆ ఖర్చు వృథా అని మీ కోశాధికారి గొడవపెడితే నా పేరు చెప్పు, నేనే పంపుతాను. వంక దాటగానే నీటి అంచున ఒక రాయి గుర్తుగా పెట్టించు. తిరుగుదారిలో అది మునిగి ఉంటే ఆగి, నీరు పెరుగుతోందో తగ్గుతోందో చూడు. మోకాలు దాటి వడిగా పారుతుంటే దిగవద్దు. దాటేటప్పుడు సంచి పట్టీల ముడులు విప్పించు. టార్చి, ఒక పూట తిండి ప్రతి సంచిలోనూ ఉండాలి. జలపాతం కింద గుండంలో ఈతకు ఎవరినీ దిగనివ్వకు, ఈత బాగా వచ్చునని చెప్పుకునేవారిని అసలే దిగనివ్వకు.

అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టి, నమ్మకమైన ఒకరిని చిట్టచివర ఉంచు. నెలసరి వచ్చిన పిల్ల నోరు తెరిచి చెప్పలేక వెనకబడుతుంది. బయలుదేరే ముందు ఆడపిల్లలను పక్కకు పిలిచి నీవే అడుగు. నా కాలంలో మమ్మల్ని అలా అడిగినవారు లేరు.

పేర్ల జాబితా, ఇళ్ళ ఫోను నంబర్లు ఒక ప్రతి నాకు పంపు. కోనలో సిగ్నలు అందదు కనుక, తిరిగి నెరబైలు ఊరు చేరగానే ముందు మీ నాన్నకు ఫోను చెయ్యి, తరువాత నాకు చెయ్యి. ఎంత రాత్రయినా ఎత్తుతాను.

ఇట్లు,
మీ అత్త