ఇంటి నుంచి సోషల్ వర్క్ డిగ్రీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే చదువు గురించి ఉన్నందువల్ల వాటిని ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాను. పేర్లు, ఊళ్లు ప్రచురించవద్దని ముగ్గురూ కోరారు.

ప్రశ్న: నమస్కారమండీ. పార్వతీపురం మన్యం జిల్లాలోని ఒక అంగన్‌వాడీ కేంద్రంలో తొమ్మిదేళ్లుగా కార్యకర్తగా పనిచేస్తున్నాను. ఇంటర్మీడియట్‌తో చదువు ఆగిపోయింది. ఇద్దరు పిల్లలు. ఉద్యోగం మానకుండా బీఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో మూడేళ్ల డిగ్రీ) చదవాలని ఉంది. ఇంట్లో ఉండి చదివిన డిగ్రీకి విలువ ఉంటుందా? ఊళ్లో నేను రోజూ చేసేదే ఫీల్డ్ వర్క్ కదా, దాన్నే చూపిస్తే సరిపోతుందా? మా మండల కేంద్రంలో ఒక కన్సల్టెన్సీ వారు ఏడాదిన్నరలో డిగ్రీ చేతికి ఇప్పిస్తామని, ఫీల్డ్ వర్క్ పుస్తకం కూడా తామే రాయించి సంతకాలు పెట్టిస్తామని అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, కన్సల్టెన్సీ సంగతి ముందు తేల్చేద్దాం. వారికి ఒక్క రూపాయి కూడా కట్టకండి. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులకు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయాలు తమ కోర్సులను ఫ్రాంచైజీలకు అప్పగించడం నిషిద్ధం. మూడేళ్ల డిగ్రీని ఏడాదిన్నరలో ముగించే దారి ఏ గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయంలోనూ లేదు. అలాంటి పట్టా ఉద్యోగానికి ధ్రువపత్రాల పరిశీలన జరిగేనాడు మిమ్మల్ని నిలువునా ముంచుతుంది. అప్పటికి ఆ దుకాణం బోర్డు కూడా మారిపోయి ఉంటుంది.

విలువ సంగతికి వస్తే, గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం నుంచి దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ పొందిన డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో మరోసారి స్పష్టం చేసింది. అయితే విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉంటే చాలదు, మీరు చేరబోయే కోర్సుకు, మీరు చేరే ఆ విద్యాసంవత్సరానికి, ఆ విధానానికి విడిగా అనుమతి ఉండాలి. ఆ జాబితా యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో దొరుకుతుంది. 2024 నుంచి ఈ కోర్సుల్లో చేరే ప్రతి విద్యార్థీ అదే వెబ్‌సైటులో డెబ్ ఐడీ అనే గుర్తింపు సంఖ్యను సొంతంగా తీసుకోవాలి. మీ ఫోనుకు వచ్చిన ఓటీపీతో మీరే చేసుకోవలసిన పని అది, ఏ ఏజెంటు చేతికీ ఇవ్వవద్దు.

మీ పరిస్థితికి నాకు తోచిన దారి ఇగ్నో. 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఈ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇంటర్మీడియట్ అర్హత సరిపోతుంది. మూడేళ్ల కోర్సును పూర్తి చేయడానికి ఆరేళ్ల దాకా గడువు ఇస్తారు కనుక పిల్లల పరీక్షలూ మీ పరీక్షలూ ఒకేసారి వచ్చిన సంవత్సరం ఒకటి రెండు పేపర్లు వెనక్కి నెట్టుకోవచ్చు. దూరవిద్య విధానంలో అచ్చు పుస్తకాలు, అసైన్‌మెంట్లు, అధ్యయన కేంద్రంలో అప్పుడప్పుడు తరగతులు ఉంటాయి. ఆన్‌లైన్ విధానంలో పాఠం మొదలుకొని సందేహ నివృత్తి దాకా అన్నీ ఇంటర్నెట్ మీదే నడుస్తాయి. కొండ దిగితేగానీ సిగ్నల్ అందని ఊళ్లలో పనిచేసే మీకు అచ్చు పుస్తకమే నమ్మకమైన తోడు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. చదువు ఇంగ్లీషు లేదా హిందీ మాధ్యమంలోనే సాగుతుంది. ఫీజు కట్టడానికి ముందే ఇగ్నో వారి ఈజ్ఞాన్‌కోశ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరికే సోషల్ వర్క్ పాఠం ఒకటి దించుకుని, ఒక వారం పాటు రాత్రిపూట చదివి చూడండి. పేజీకి పది మాటలు నిఘంటువులో వెతుక్కోవలసి వచ్చినా పరవాలేదు, వాక్యం అందుతోందా లేదా అన్నదే చూసుకోండి.

ఇక ఫీల్డ్ వర్క్. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఈ ప్రశ్నే. మామూలు కాలేజీలో సోషల్ వర్క్ విద్యార్థి సాధారణంగా వారానికి రెండు రోజులు తరగతి వదిలి ఒక సంస్థకో, బస్తీకో, ఆసుపత్రికో వెళతాడు. వెళ్లిన ప్రతిసారీ ఏం చేశాడో, ఏం చూశాడో రాసి సూపర్‌వైజరు ముందు పెడతాడు. దూరవిద్యలోనూ ఈ భాగానికి మినహాయింపు లేదు. మీకు ఒక ఫీల్డ్ వర్క్ సూపర్‌వైజరు ఉంటారు, జర్నల్ రాయాలి, దానికి మార్కులు ఉంటాయి. మీరు పనిచేసే ఊరినే క్షేత్రంగా తీసుకోనిమ్మని సూపర్‌వైజరును అడగవచ్చు. ఊరు ఒకటే కావచ్చుగానీ పని ఒకటి కాదు.

ఊహించి ఒక ఉదాహరణ చెబుతాను. నెలలు నిండుతున్న ఒక గర్భిణి, కొండ మీది పల్లె, ప్రసవానికి ముందే గర్భిణుల వసతి గృహానికి రమ్మంటే రానంటోంది. మీ కేంద్రం రిజిస్టరులో దీనికి ఒక్క వరుస సరిపోతుంది: ఇంటికి వెళ్లాము, నచ్చజెప్పాము, నిరాకరించింది. రిజిస్టరుకు అంతకన్నా అక్కర్లేదు. ఫీల్డ్ వర్క్ జర్నల్‌లో అదే సందర్శన రెండు పేజీలు అవుతుంది. మీరు వెళ్లేసరికి ఆమె వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. మీరు అడిగిన ప్రతి ప్రశ్నకూ అత్తగారే జవాబు చెప్పింది. అత్తగారు నీళ్లకు వెళ్లిన పది నిమిషాల్లోనే ఆమె తలెత్తి, మూడేళ్ల పెద్దపిల్లను ఎవరి దగ్గర వదలాలని అడిగింది. భర్త చెన్నైలో భవన నిర్మాణం పనిలో ఉన్నాడు, పండక్కిగానీ రాడు. అంటే ఆమె భయం ఆసుపత్రి గురించి కాదు, పెద్దపిల్ల గురించి. ఇంతవరకూ రాశాక జర్నల్ ఇంకొక మాట అడుగుతుంది. ఈ విషయం ఇంతకుముందు నాలుగుసార్లు వెళ్లినప్పుడు నాకెందుకు తెలియలేదు? ఎందుకంటే నాలుగుసార్లూ నేను అత్తగారితోనే మాట్లాడాను, నాకు తొందరగా ఉంది, సాయంత్రంలోగా ఇంకా మూడిళ్లు తిరగాలి. ఈ చివరి రెండు వాక్యాలను నిజాయతీగా రాయగలిగిన రోజు మీరు సోషల్ వర్క్ నేర్చుకోవడం మొదలుపెట్టినట్లు. వ్యక్తిగత సేవా పద్ధతి అని పుస్తకంలో ఉన్న అధ్యాయమంతా ఈ వాకిట్లోనే ఉంది.

ఆ జర్నల్‌లో ఆమె అసలు పేరు, ఇంటి పేరు రాయకూడదు. మీ ఊరి వాళ్లే మీ క్లయింట్లు అయినప్పుడు ఈ నియమం మరింత కఠినంగా పాటించాలి, ఎందుకంటే ఆ పుస్తకాన్ని మీ ఇంట్లో ఎవరైనా తిరగేయవచ్చు.

ఎన్నో ఏళ్లు విద్యార్థుల జర్నళ్లు దిద్దినదాన్ని కనుక ఒక సంగతి చెప్పగలను. కొనుక్కున్న జర్నల్ మొదటి పేజీలోనే పట్టుబడుతుంది. ప్రతి తేదీ కిందా ప్రజలకు అవగాహన కల్పించడమైనది, ప్రజలు సంతోషం వ్యక్తం చేశారు అని ఉంటుంది. ఎవరూ విసుక్కోరు, ఎవరూ తలుపు వేసుకోరు, ఏ రోజూ వాన పడదు. తొమ్మిదేళ్లు గడపగడపా ఎక్కి దిగిన మీరు డబ్బిచ్చి అలాంటి పుస్తకం రాయించుకోవడం ఎంత అన్యాయమో మీకే తెలియాలి.

ప్రశ్న: మేడమ్, నేను వరంగల్‌లో ఒక స్వచ్ఛంద సంస్థలో అకౌంట్స్ చూస్తున్నాను. బీకాం చదివాను. ఆఫీసు పని కన్నా బయటి పని మీద మనసు పడింది. ముందు బీఎస్‌డబ్ల్యూ ఆన్‌లైన్‌లో చేసి ఆ తరువాత ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేయాలా? ఆసుపత్రిలో సోషల్ వర్కరుగా పనిచేయాలని నా కోరిక.

జవాబు: మీకు బీఎస్‌డబ్ల్యూ అక్కర్లేదు. మన దేశంలో చాలా విశ్వవిద్యాలయాలు ఏ డిగ్రీ చదివినవారినైనా ఎంఎస్‌డబ్ల్యూలో చేర్చుకుంటాయి. మళ్లీ మూడేళ్లు వెనక్కి వెళ్లడం డబ్బు దండగ, వయసు దండగ. డిగ్రీ స్థాయి సోషల్ వర్క్ చదువు అక్కరకు వచ్చే ఉద్యోగాలు కొన్ని ఉన్న మాట నిజం. 2022లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ స్త్రీ శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజరు పోస్టులకు అడిగిన డిగ్రీ సబ్జెక్టుల్లో హోం సైన్సు, సోషియాలజీలతో పాటు సోషల్ వర్క్ కూడా ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో సోషల్ వర్కరు పోస్టుకు కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు డిగ్రీనే అడుగుతాయి, సోషల్ వర్క్ లేదా సామాజిక శాస్త్రాలు చదివినవారికి మొగ్గు ఉంటుంది. మొదటి ఉత్తరం రాసిన సోదరి ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోవాలి.

మీ కోరిక ఆసుపత్రి కనుక ఒక హెచ్చరిక. అనుబంధ ఆరోగ్య వృత్తుల మీద 2021లో వచ్చిన జాతీయ కమిషన్ చట్టం తన జాబితాలో వైద్య, మానసిక వైద్య సోషల్ వర్కర్లను కూడా చేర్చింది. అదే చట్టాన్ని చూపించి యూజీసీ 2025 జూలై నుంచి సైకాలజీ, పోషకాహారం వంటి సబ్జెక్టులను దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ చెప్పకూడదని ఆపివేసింది. ఆ గాలి రేపు ఆసుపత్రి సోషల్ వర్క్ వైపు తిరగదని నేను భరోసా ఇవ్వలేను. రెండేళ్లు ఉద్యోగానికి విరామం ఇవ్వగలిగితే, ఆసుపత్రిలో ఫీల్డ్ వర్క్ ఇప్పించే మామూలు కాలేజీలోనే ఎంఎస్‌డబ్ల్యూ చేయండి.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో స్థిరపడినవాళ్లం. మా అమ్మాయి హైస్కూలు ముగించింది. ఇంజనీరింగు వద్దు, సోషల్ వర్క్ బ్యాచిలర్స్ ఆన్‌లైన్‌లో చదువుతానంటోంది. ఇండియాలో ఉన్న మా అన్నయ్యకు చెబితే ఆ చదువు తిండి పెడుతుందా అని నవ్వాడు. మీరేమంటారు?

జవాబు: మీ అన్నయ్యగారు నవ్వడంలో ఆశ్చర్యం లేదు. మన దగ్గర సోషల్ వర్కరుకు లైసెన్సు లేదు, సోషల్ వర్క్ అంటే ఖాళీగా ఉన్నవారు చేసే పుణ్యకార్యమనే అభిప్రాయం బలంగా ఉంది. అక్కడ అలా కాదు, అది రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చే వృత్తి. టెక్సాస్‌లో డిగ్రీ స్థాయిలోనే ఎల్‌బీఎస్‌డబ్ల్యూ అనే లైసెన్సు ఉంది. దానికి పరీక్ష రాయాలంటే డిగ్రీకి సీఎస్‌డబ్ల్యూఈ అనే అమెరికా సోషల్ వర్క్ విద్యా మండలి గుర్తింపు ఉండి తీరాలి. కనుక విశ్వవిద్యాలయం పేరు ఎంత పెద్దదైనా, మీ అమ్మాయి చేరే ఆ సోషల్ వర్క్ కోర్సుకు ఆ మండలి గుర్తింపు ఉందో లేదో వారి సొంత జాబితాలోనే చూడండి.

ఆన్‌లైన్ అన్న మాట విని అమ్మాయి మూడు నాలుగేళ్లూ ఇంట్లోనే కూర్చుంటుందని అనుకోకండి. ఆ మండలి నియమం ప్రకారం బ్యాచిలర్స్ విద్యార్థి కనీసం 400 గంటలు ఫీల్డ్‌లో పనిచేయాలి. ఇంతకుముందు గుడిలోనో ఫుడ్ బ్యాంకులోనో చేసిన సేవకు అందులో ఒక్క గంట కూడా తగ్గించరు. అనుభవానికి కోర్సు క్రెడిట్లు ఇవ్వకూడదని నియమమే ఉంది. సంస్థను విశ్వవిద్యాలయం వెతికి పెడుతుందా, విద్యార్థే వెతుక్కోవాలా, మీ ఇంటికి ఎంత దూరంలో దొరుకుతుంది, అక్కడ పగటి గంటలే ఉంటాయా అన్నవి చేరకముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. మీరంతా ఇంకా వీసా మీదే ఉంటే, జీతం ఇచ్చే చోట ఫీల్డ్ వర్క్ చేయడానికి పని అనుమతి కావాలన్నది మరచిపోవద్దు. గుర్తింపు పొందిన బ్యాచిలర్స్ ఉన్నవారికి తరువాత ఎంఎస్‌డబ్ల్యూలో చాలాచోట్ల మొదటి సంవత్సరం పాఠాలు తగ్గిస్తారు, అది చిన్న లాభం కాదు.

మొదటి సోదరికి ఇంకొక మాట. మన దేశపు సోషల్ వర్క్ డిగ్రీలను అమెరికాలో అదే మండలి పరిశీలించి సమానమా కాదా చెబుతుంది, ఆ పరిశీలనలో ఫీల్డ్ వర్క్‌ను కూడా చూస్తారు. మీరు ఎక్కడికీ వెళ్లకపోవచ్చు. అయినా సూపర్‌వైజరు సంతకాలతో ఉన్న జర్నళ్ల నకళ్లు, గంటల లెక్క రాసిన కాగితాలు మార్కుల జాబితా పక్కనే ఒక ఫైల్‌లో పెట్టుకోండి.